వద్దన్న చెయ్యి

2022 ఫిబ్రవరి. కొలోన్ నగరంలో, పేరు చెప్పడం బాగుండదు గానీ, ఒక మానసిక వైద్యశాల పై అంతస్తులో మా పరిశోధన గది ఉండేది. చూడ్డానికి ఆసుపత్రి గదిలా ఉండదు. ఒక వెడల్పాటి సోఫా, రెండు వాలుకుర్చీలు, మూలన దీపం, కుండీలో మొక్క, గోడకి సముద్రం బొమ్మ. బీపీ మిషన్‌ని కూడా పూల గుడ్డ కప్పి దాచేవాళ్ళం. పెళ్ళిచూపులకి ఎవరో వస్తున్నారని సర్దిన ముందుగదిలా ఉండేది. కరోనా నిబంధనల ప్రకారం గంటగంటకీ కిటికీలు బార్లా తెరవాలి కాబట్టి ఆ ముందుగదిలో చలికి పళ్ళు కొట్టుకునేవి. పై మూలలో కెమెరా ఒకటి ఉండేది. దాన్ని మాత్రం దాచేవాళ్ళం కాదు.

అక్కడ నేను స్టడీ నర్సుని. అంటే కొత్త మందుల మీద పరిశోధన జరిగేటప్పుడు రోగి పక్కన ఉండే నర్సు. మాది బాపట్ల వైపు. అక్కడే మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ చదువుకున్నాను. జర్మనీ వచ్చి, మన చదువుకి ఇక్కడి గుర్తింపు తెచ్చుకునే అనెర్కెన్నుంగ్ తతంగమంతా ఈది, కొన్నేళ్ళు వార్డుల్లో నడుం విరిగేలా పనిచేశాక ఈ గదిలోకి వచ్చాను. "ఏం పనే నువ్వు చేసేది?" అని మా పెద్దమ్మ ఫోన్లో అడిగితే "దిగులు జబ్బుకి కొత్త మందు, పెద్దమ్మా" అని ఊరుకునేదాన్ని. ఆ మందు పుట్టగొడుగుల్లో పుట్టిందనీ, మింగినవాళ్ళకి లేనివి కనబడతాయనీ చెబితే ఆవిడ మా చర్చిలో నాకోసం ఉపవాస ప్రార్థన పెట్టించేది.

ఆ మందు పేరు సైలోసైబిన్. మాకది గుళికగా తయారై వచ్చేది. మామూలు మాత్రలు ఒకదాని తరవాత ఒకటి వాడినా తగ్గని డిప్రెషన్‌కి ఇది పనిచేస్తుందా అని మా బృందం చూస్తుంటే, తాగుడు మానలేనివాళ్ళకి పనికొస్తుందా అని ఇంకో బృందం చూస్తుండేది. అయితే గుళిక ఒక్కటే వైద్యం కాదు. ముందు ప్రిపరేషన్ సెషన్లు ఉంటాయి. ఆ రోజు ఏం జరగవచ్చో, భయం వేస్తే ఏం చెయ్యాలో రోగితో కూర్చుని మాట్లాడతాం. తరవాత డోసింగ్ డే. పొద్దున గుళిక మింగి, కళ్ళకి గంతలు కట్టుకుని, చెవుల్లో సంగీతం వింటూ సాయంత్రం దాకా పడుకుంటారు. ఇద్దరం పక్కనే కూర్చుని ఉంటాం. ఆ తరవాత ఇంటిగ్రేషన్ సెషన్లు, అంటే అక్కడ చూసినదాన్ని బతుకులోకి ఎలా తెచ్చుకోవాలో మాట్లాడుకోవడం. కొందరికి మందు బదులు ఉత్తి గుళిక వస్తుంది, దాన్ని ప్లాసిబో అంటారు. ఎవరికి ఏది వచ్చిందో మాకు కూడా తెలియకూడదని నియమం. తెలియకపోవడం ఏమిటి, నా మొహం! ఉత్తి గుళిక వచ్చినవాళ్ళు గంతల కింద నుంచి "ఇంకా ఏమీ కాలేదే?" అని అడుగుతూనే ఉంటారు.

ఇందులో ముట్టుకోవడం గురించి ఒక నియమం ఉంది. ఈ కథంతా దాని చుట్టూనే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మందు పనిచేసేటప్పుడు మనిషి పసిబిడ్డతో సమానం. ఏం చెప్పినా నమ్ముతాడు, ఏం చేసినా కాదనలేడు. ఇలాంటి వైద్యంలో చేతులు హద్దు దాటే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకే, భయం వేసినప్పుడు చెయ్యి పట్టుకోవచ్చా, భుజం మీద చెయ్యి వెయ్యవచ్చా అన్నది రోగి ముందే, మందు లేనప్పుడే తేల్చి చెప్పాలి. అవునన్నవాళ్ళు ఆ రోజున వద్దనవచ్చు. వద్దన్నవాళ్ళు మాత్రం మందు మింగాక అవునన్నా చెల్లదు. ఆ కెమెరా ఉన్నది అందుకే. ఈ నియమాన్ని నేను అప్పుడూ గౌరవించాను, ఇప్పుడూ గౌరవిస్తాను.

ఇక సుధీర్ సంగతి. అసలు పేరు అది కాదు. ఇది రాస్తున్నట్టు ఆయనకీ, ఆయన భార్యకీ తెలుసు. ఆయనది కరీంనగర్ వైపు, తూర్పు జర్మనీలోని కాట్‌బస్‌లో మాస్టర్స్ చదివి, బ్లూ కార్డు వీసా మీద కొలోన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. మా దగ్గరికి వచ్చేసరికి ఏడాదికి పైగా సరిగ్గా నిద్ర లేదు, తిండి లేదు, సిక్ లీవు మీద ఇంట్లోనే. డాక్టర్లు రెండు రకాల మందులు పూర్తిగా వాడి చూశారు, కదలిక లేదు. మా ట్రయల్లో, అంటే ఈ పరిశోధనలో, చేరడానికి ఆ మందులు మెల్లగా మానేశాడు, ఎందుకంటే రెండూ కలవకూడదు. అంటే వెనక పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. మాది ఒక మనిషికి ఒక్క డోసు. అది పనిచేస్తే గట్టెక్కుతాడు, లేకపోతే మళ్ళీ మొదటికి. తన మీద తనకి ఆశ ఎంత అడుగంటిందో మొదటి రోజే చెప్పాడు. "ఇది గాకపోతే ఇగ చాలక్కా, ఇంకోటి చూసే ఓపిక లేదు నాకు," అన్నాడు.

ఆయన్ని చూసే థెరపిస్టు కత్రిన్. ఎత్తుగా, గంభీరంగా ఉండే సైకాలజిస్టు. మాట తక్కువ, పని గట్టి. జర్మన్ అయినా ఇంగ్లిష్ అయినా ఆయన బాగానే మాట్లాడేవాడు గానీ మందు మీద ఉన్నప్పుడు మనుషులు తల్లిభాషలోకి జారిపోతారు. అందుకని రెండో మనిషిగా నన్ను కూర్చోమంది కత్రిన్. నాకు దానికి శిక్షణ ఉంది.

మొదటి ప్రిపరేషన్ సెషన్‌కి నేనూ ఉన్నాను. రోగి ఎవరో నర్సు ఎవరో తెలియకుండా ఆయనే నా యోగక్షేమాలన్నీ కనుక్కున్నాడు. "మీదే ఊరక్కా? పిల్లలెంతమంది? ఈడ చలి అలవాటైందా?" మంచినీళ్ళు కావాలా అంటే "వద్దక్కా" అన్నాడు. అడక్కుండా గ్లాసు ముందు పెడితే గటగటా తాగేశాడు. మన మనిషే అనుకున్నాను. కత్రిన్ తన దిగులు గురించి చెప్పమంటే మాత్రం నోరు పెగల్లేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని పెరిగినవాళ్ళం కదా మనం! చాలాసేపటికి ఒక పేరు చెప్పాడు. ప్రశాంత్. కాట్‌బస్‌లో రూమ్మేటు, ఇద్దరూ ఒకే కుక్కర్లో వండుకుని తిన్న స్నేహితులు. కరోనా మొదటి చలికాలంలో పోయాడు. అంతకు మించి ఆ రోజు చెప్పలేదు.

రెండో సెషన్లో ముట్టుకోవడం గురించి మాట్లాడాలి. మాట్లాడడమే కాదు, చేసి చూస్తాం కూడా. రోగి ఆ సోఫా మీద పడుకుని చెయ్యి చాపాలి, మేం పట్టుకుంటాం, ఆయన "చాలు" అంటే వదిలేస్తాం. చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ దాంతో చాలామందికి బెరుకు పోతుంది. సరిగ్గా ఆ వారమే సుధీర్ కొడుకు వెళ్ళే కీటాలో, అంటే శిశువిహారంలో, కరోనా వచ్చింది. ఇంటిల్లిపాదీ క్వారంటైన్. ఇక్కడ నాకూ పాజిటివ్. వాయిదా వేద్దామంటే ఆయన అప్పటికే పాత మందులు మానేసి ఉన్నాడు. రోజు గడిచేకొద్దీ దిగులు ముదురుతోంది. అందుకని కత్రిన్ ఆ సెషన్ వీడియో కాల్‌లో చేసేసింది. చేసి చూడడం ఎలాగూ కుదరదు కాబట్టి ప్రశ్న అడిగి జవాబు తీసుకుంది.

నాకు ఆ జవాబు తెలిసింది డోసింగ్ డే నాడు పొద్దున, ఆయన రాకముందు మేమిద్దరం కూర్చుని అంతా సరిచూసుకుంటున్నప్పుడు.

"ముట్టుకోవడం: వద్దన్నాడు," అంది కత్రిన్.

"ఎన్నిసార్లు అడిగావు?"

"ఒకసారి. స్పష్టంగానే చెప్పాడు. 'నో, థాంక్యూ' అన్నాడు."

"ఆ థాంక్యూ ఉంది చూడు, అదే నాకు అనుమానంగా ఉంది," అన్నాను.

మొహమాటం అనే మాటని జర్మన్‌లో చెప్పడానికి నానా తంటాలు పడ్డాను. మా ఇళ్ళలో కాఫీ తాగుతారా అంటే ఎవరూ అవుననరనీ, వద్దండీ అంటారనీ, మళ్ళీ అడిగితే అబ్బే అంటారనీ, మూడోసారికి గ్లాసు చేతికిస్తే తాగుతారనీ చెప్పాను. మొదటి వద్దు ఉత్త మర్యాద. పైగా మగమనిషి, పరాయి ఆడవాళ్ళు, చెయ్యి పట్టుకోనా అంటే అవునండీ పట్టుకోండి అని ఎలా అంటాడు? ఇవాళ గుళిక మింగకముందే ఒక్కసారి నేను తెలుగులో అడిగి చూస్తానన్నాను.

కత్రిన్ శ్రద్ధగానే విన్నది. "నువ్వు చెప్పింది నిజమే కావచ్చు," అంది. "మీవాళ్ళు ఎదటివాళ్ళ కోసం వద్దంటారు అంటున్నావు. మరి ఎదటివాళ్ళ కోసం సరేనని కూడా అంటారు కదా? ఇవాళ గుళిక నా చేతిలో ఉంది. ఆయనకి ఇదే ఆఖరి ఆశ. ఈ పూట నువ్వు అడిగితే నిన్ను కాదనగలడా? మొన్నటి వద్దు నమ్మకూడదంటే ఇవాళ్టి అవునుని ఎలా నమ్మడం?"

నా కత్తితో నన్నే పొడిచింది, అదీ న్యాయంగానే.

సుధీర్ వచ్చాడు. భార్య కవిత కింద గేటు దాకా వచ్చి దింపి వెళ్ళింది. లోపలికి రోగికి తప్ప ప్రవేశం లేదు అప్పట్లో. కొత్త స్వెటర్ వేసుకుని, తల దువ్వుకుని, ఇంటర్వ్యూకి వచ్చినట్టు వచ్చాడు. గుళిక మింగే ముందు కళ్ళు మూసుకుని ఏదో దణ్ణం పెట్టుకున్నాడు. నేనూ లోలోపల ప్రార్థన చేసుకున్నాను. కిటికీ మూసి, దుప్పటి కప్పి, గంతలు కట్టాం. మేమిద్దరం ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కులతో అటొకరూ ఇటొకరూ కూర్చున్నాం. ఆ మాస్కుల్లో మా ముఖాలు మాకే తెలిసేవి కాదు.

ఉత్తి గుళిక కాదని కొంతసేపటికే అర్థమైంది. ఊపిరి మారింది. వేళ్ళు దుప్పటిని పిసుకుతున్నాయి. మొదట నవ్వాడు, తరవాత కళ్ళగంతల కింద నుంచి నీళ్ళు చెవుల దాకా కారాయి. ఏడుపు రావడం మంచిదే ఈ వైద్యంలో. ఎన్నాళ్ళుగానో గడ్డకట్టింది కరుగుతోందనుకున్నాం. బీపీ చూశాను, బాగానే ఉంది. "ప్రశాంతూ" అని రెండు మూడుసార్లు పిలిచాడు. "వస్తున్నరా, వస్తున్న" అన్నాడు. అప్పటిదాకా అంతా దారిలోనే ఉంది.

అప్పుడు దుప్పటిలోంచి కుడిచెయ్యి బయటికి వచ్చింది. అరచెయ్యి పైకి తెరిచి, నా వైపుకి.

"అక్కా," అన్నాడు. "అక్కా, జెర చెయ్యి ఇస్తరా?"

కత్రిన్ నా వంక చూసింది. "ఏమంటున్నాడు?"

చెప్పాను. ఆ చాచిన చెయ్యి చూస్తే తర్జుమా అక్కర్లేదు నిజానికి. కత్రిన్ మెల్లగా తల అడ్డంగా ఊపింది. ఊపేటప్పుడు కళ్ళు మూసుకుంది. అలాంటప్పుడు చెప్పవలసిన మాట మాకు నేర్పి ఉన్నారు. నేను ఆయన దగ్గరికి వంగి, "ఇక్కడే ఉన్నాను తమ్ముడూ. ఇద్దరం మీ పక్కనే ఉన్నాం. మీ చెయ్యి మీ గుండె మీద పెట్టుకోండి, అది కొట్టుకుంటోంది చూడండి," అన్నాను.

"మీరియ్యరా?"

"ఇక్కడే ఉన్నానండీ. ఎక్కడికీ పోను."

ఆ చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. నా మోకాలికి జానెడు దూరంలో. నేను నా రెండు చేతులూ ఒళ్ళో బిగించి పట్టుకున్నాను, వాటి మీద నాకు నమ్మకం లేక. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగాడు కదా ఆ మనిషి, ఎంత మొహమాటస్తుడు, నోరు తెరిచి అడిగాడు! తరవాత "సరే" అన్నాడు, చాలా మర్యాదగా, ఏదో దుకాణంలో సరుకు లేదంటే అన్నట్టు. చెయ్యి దుప్పటిలోకి వెళ్ళిపోయింది. గోడ వైపుకి తిరిగి పడుకున్నాడు. మళ్ళీ ఏడవలేదు. సాయంత్రం దాకా ఒక్క మాట మాట్లాడలేదు. కళ్ళగంతలు తీశాక ఎలా ఉందని అడిగితే "మంచిగనే అయిందక్కా, మీకు బాగ శ్రమైంది ఇయ్యాల," అన్నాడు.

మర్నాడు ఇంటిగ్రేషన్ సెషన్‌లో ప్రశాంత్ కథ మొత్తం బయటికి వచ్చింది. కొంత ఇంగ్లిష్, కొంత తెలుగు. తెలుగుది నేను కత్రిన్‌కి చెబుతూ వచ్చాను. ప్రశాంత్‌కి ఇక్కడ నా అన్నవాళ్ళు లేరు. కరోనాతో ఆసుపత్రిలో చేరేటప్పుడు సుధీర్ ఫోన్ నంబరే ఇచ్చాడు. పరిస్థితి చెయ్యి దాటుతోందనీ, ఒక్క మనిషిని లోపలికి రానిస్తామనీ, పైనుంచి కింద దాకా రక్షణ దుస్తులు వేస్తామనీ అక్కడి డాక్టరు ఫోన్ చేశాడు. అప్పటికి సుధీర్ ఇంట్లో నెలల పసివాడు. భయపడ్డాడు. రేపు పొద్దున వస్తానన్నాడు. ఆ పొద్దుటికి ప్రశాంత్ లేడు.

"నిన్న గది కనిపించిందక్కా," అన్నాడు సుధీర్. "ఆ దవఖాన గది. అద్దం ఉంది. మొదాలు నేను బయట ఉన్న, వాడు లోపల. తర్వాత నేనే లోపల మంచం మీద ఉన్న. బయట మీరిద్దరు మాస్కులు పెట్టుకొని నిలవడ్డరు. చెయ్యి చాపిన. ఎవ్వరు ఇయ్యలే. అప్పుడు సమజైంది. నేను చేసింది గిదే కదా. నాకు గిదే కావాలె."

వెంటనే చెప్పాను, అది తీర్పు కాదు, ముందే రాసుకున్న మాట, మీరే వద్దన్నారు, అందుకే మేం ఆగిపోయాం, నాకైతే ఇవ్వాలనే ఉంది, అని. కత్రిన్ కూడా చాలా ఓపిగ్గా, చాలా బాగా చెప్పింది. ఆయన అన్నిటికీ తలూపాడు.

"ఎరుకే అక్కా. తెలుసు నాకు. రూల్ అది. మీ తప్పేం లేదు," అని నన్నే ఓదార్చాడు.

ఈ మందుతో ఉన్న చిక్కు ఇదే. అక్కడ తెలిసింది మామూలు నిజంకన్నా పెద్ద నిజంలా నాటుకుపోతుంది. మంచిదైతే మనిషిని నిలబెడుతుంది, ఏళ్ళ తరబడి మాత్రలు చెయ్యలేనిది ఒక్కరోజులో చేస్తుంది. అలా లేచి నిలబడినవాళ్ళని నా కళ్ళతో చూశాను. చెడ్డదైతే అదీ అంత గట్టిగానే నాటుతుంది. బుద్ధికి నచ్చజెప్పవచ్చు, చూసినదానికి ఎవరు నచ్చజెబుతారు?

కత్రిన్ అడిగింది, నొప్పించకుండా. "వీడియోలో అడిగినప్పుడు మీరు వద్దన్నారు. ఎందుకో చెప్పగలరా?"

నేను మొహమాటం అంటాడని ఎదురుచూస్తున్నాను. నా మాటే నెగ్గుతుందని కూడా ఏ మూలో ఉంది, సిగ్గులేకుండా.

ఆయన మాస్కు సర్దుకున్నాడు. "కవిత ఇంట్లనే ఉండె మేడమ్. మాది చిన్న ఫ్లాట్. వంటింటికి తలుపు లేదు. అన్నీ వినవడుతయి. ఇద్దరు ఆడోళ్ళు చెయ్యి పట్టుకుంటరట, నేను సరే పట్టుకోండ్రి అంటె, ఆమె ఏమనుకుంటదో అని..." అని ఆగిపోయాడు.

మొహమాటమూ కాదు, స్పష్టమైన నిరాకరణా కాదు. నేనూ తప్పే, కత్రినూ తప్పే. మా గదిలో తలుపు మూసి, గోప్యం గోప్యం అని బల్ల గుద్ది చెప్పేవాళ్ళం. కరోనా వచ్చి ఆ గదిని తీసుకెళ్ళి ఆయన వంటింటి పక్కన పెట్టింది. ఆ ఇంట్లో ఎవరెవరు వింటున్నారన్నది అడగాలని ఎవరికీ తోచలేదు. ఊళ్ళో అందరూ ఇంటి నుంచే ఉద్యోగాలు చేస్తున్న రోజులు. పిల్లల ఏడుపులు, కుక్కర్ కూతలు మీటింగుల్లో మామూలైపోయి, ఎవరి చెవులైనా ఉన్నాయన్న సంగతే మరిచిపోయాం.

సుధీర్ వెళ్ళాక కత్రిన్ కిటికీ తెరిచి, మాస్కు తీసి, చలిగాలికి ఎదురుగా నిలబడింది. "నియమం సరైనదే," అంది. "మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ అదే చేస్తాను. అయినా ఆ చెయ్యి దుప్పటిలోకి వెనక్కి వెళ్ళడం చూశాను. అది నన్ను వదలడం లేదు." నేను టీ పెట్టి తెచ్చిచ్చాను. అడక్కుండానే ఇచ్చాను.

మొదటి రెండు వారాలు సుధీర్ తేలికపడ్డట్టే కనిపించాడు. నిద్ర పట్టింది, కొడుకుతో పార్కుకి వెళ్ళానని చెప్పాడు. మాకు ప్రాణం లేచి వచ్చింది. తరవాత మెల్లగా మళ్ళీ మునిగాడు. కత్రిన్ అదనంగా మాట్లాడే సెషన్లు ఏర్పాటు చేసింది. ఇంకొక్కసారి ఆ మందు ఇవ్వగలరా అని ఆయనే అడిగాడు. ట్రయల్ నిబంధనల్లో అది లేదు. బయట ఆ మందు చట్టప్రకారం దొరకదు. కాదని చెప్పవలసి వచ్చింది, ఆయనకి రెండోసారి.

ఒక చెయ్యి పట్టుకున్నంత మాత్రాన డిప్రెషన్ తగ్గిపోతుందా అని మీరు అడగవచ్చు. అలా అని నేను చెప్పను. చెయ్యి ఇచ్చినా తగ్గకపోయేదేమో. ఆ మందు అందరికీ పనిచెయ్యదు. ఎందుకు పనిచేస్తుందో ఎందుకు చెయ్యదో పెద్ద పెద్దవాళ్ళకే ఇంకా అంతుపట్టలేదు. నా బాధ అది కాదు. ఆ మనిషి ఒక ప్రశ్నతో ఆ లోపలికి వెళ్ళాడు. దానికి వచ్చిన జవాబులో నా ముఖం ఉంది.

ట్రయల్లో ఆయన ఆఖరి విజిట్ వేసవిలో వచ్చింది. నిబంధనలు కొంత సడలి, కవిత ఈసారి పైకి రాగలిగింది. సుధీర్ లోపల కత్రిన్‌తో ఉంటే ఆవిడా నేనూ వరండాలో కూర్చున్నాం. పిల్లవాడు బండిలోంచి దిగి నా చెప్పులు లాగుతున్నాడు. కీటాలో నేర్చిన మొదటి మాట "నైన్" అట, అంటే వద్దని. నీళ్ళు తాగుతావా నాన్నా అంటే "నైన్!" అరటిపండు తింటావా అంటే "నైన్!" కవిత వాడి మాట పట్టించుకోకుండా పండు ఒలిచి చేతిలో పెట్టింది. వాడు తినేశాడు.

"అక్కా, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు," అంది కవిత. "ఆ రోజు ఆయన మిమ్ములను చెయ్యి అడిగిండట కదా?"

"అవునమ్మా," అన్నాను. నియమం గురించి చెప్పబోయాను.

"ఎరుకే. ఆయన చెప్పిండు అన్నీ. గా వీడియో రోజు నేను వంటింట్లనే ఉన్న అక్కా. డాక్టరమ్మ అడిగింది నాకు వినవడ్డది. ఈయన నో అన్నడు. అరె, గట్లెందుకు అంటుండు ఈ మనిషి, అనిపించింది నాకు. రాత్రిపూట నిద్రల ఉలిక్కిపడితె నేను చెయ్యి పట్టుకుంటనే మళ్ళ పండుకుంటడు. వద్దనకు, పట్టుకోమను, అని చెప్పి పోదామనుకున్న. లేచిన గూడ."

"మరి?"

ఆవిడ కొడుకు మూతి తుడుస్తూ తల దించుకుంది. "నైటీ మీద ఉంటినక్కా. కెమెరా ఆన్ ఉంది. డాక్టరమ్మ ముంగట గట్ల ఎట్ల పోవాలె? మార్చుకొని వద్దామని లోపలికి పోయిన. వచ్చేసరికి ఇంకో ముచ్చట మాట్లాడుతున్నరు. మీటింగుల మధ్యల ఏం అడ్డం పోతం అని ఊకున్న. తర్వాత చెప్పొచ్చు తియ్ అనుకున్న. మీకు ఫోన్ చేస్తె గూడ బాగుండదేమో, పెద్ద దవఖాన, మనమెందుకు జొరబడుడు అని..." అరటితొక్కని గుప్పిట్లో నలిపింది. "ఎవరైన జెర చెయ్యి పట్టుకుంటరనే కదక్కా పంపింది నేను."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆ వరండాలో నియమాలు లేవు. ఆవిడ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆయన ఆవిడ ఏమనుకుంటుందో అని వద్దన్నాడు. ఆవిడ మేం ఏమనుకుంటామో అని ఆగిపోయింది. తలుపు లేని వంటింటికీ ముందుగదికీ మధ్య నాలుగు అడుగులు ఉంటాయేమో. ఆ నాలుగు అడుగులు మర్యాద కోసం ఎవరూ నడవలేదు. ఎవరిని తిట్టుకోవాలో తెలియని బాధ ఇది. తిట్టుకోవడానికి ఒక దుర్మార్గుడైనా ఉంటే ఎంత సుఖంగా ఉండేదో!

సుధీర్ బయటికి వచ్చాడు. మా ఎర్రటి కళ్ళు చూసి ఏమీ అడగలేదు. అదీ మర్యాదే. ట్రయల్ ఆ నిమిషంతో అయిపోయింది. ఇక ఆయన మా రోగి కాదు, నేను ఆయన నర్సుని కాను. నేను లేచి, కుడిచెయ్యి చాపాను. ఆయన ఆ చెయ్యి వంక చూశాడు, నా ముఖం వంక చూశాడు. నవ్వాడు, ఎంతో ఆప్యాయంగానే నవ్వాడు. తరవాత రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. "ఉంటనక్కా. మస్తు చూసుకున్నరు మమ్ముల," అన్నాడు. పిల్లవాణ్ణి ఎత్తుకుని లిఫ్టు వైపు నడిచాడు.

ఆయన ఇప్పుడు ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరు దగ్గర వేరే వైద్యంలో ఉన్నాడు. సగం పూట ఉద్యోగం చేస్తున్నాడు. బతుకు సాగుతోందని కవిత అప్పుడప్పుడు మెసేజ్ పెడుతుంది. బాగున్నాడని మాత్రం ఎప్పుడూ రాయలేదు.

మా గదిలో పద్ధతి మారింది. కత్రినూ నేనూ పట్టుబట్టి మార్పించాం. ముట్టుకోవడం గురించిన ప్రశ్న ఇప్పుడు వీడియోలో అడగం, ఎన్ని క్వారంటైన్లు వచ్చినా సరే. మనిషిని పిలిపించి, తలుపు మూసి, పక్కన ఎవరూ లేకుండా అడుగుతాం. ఇంట్లోవాళ్ళతో విడిగా మాట్లాడతాం, వాళ్ళేదైనా చెప్పాలనుకుని ఆగిపోయారా అని. నేనే చెయ్యి చాచి, పట్టుకుని, వదిలి చూపిస్తాను. చాలామంది మొదట వద్దంటారు, జర్మన్‌లు కూడా, ఆశ్చర్యం! సరేనని ఊరుకుంటాను. వేరే రోజు, గుళిక ఇంకా దూరంగా ఉండగానే, మళ్ళీ అడుగుతాను. నిజంగా వద్దన్నవాళ్ళు రెండోసారీ హాయిగా వద్దంటారు, ఏమీ అనుకోరు. మిగతావాళ్ళు ఒక క్షణం ఆగి, నేల చూపులు చూస్తూ సరే అంటారు. అలా సరే అన్న ప్రతిసారీ నాకు సంతోషం వేస్తుంది, వెంటనే సుధీర్ గుర్తొస్తాడు. ఆయన్ని మాత్రం మేం ఒక్కసారే అడిగాం.